తాతగారిని గదిలో పెట్టి తాళం వేస్తే కాపాడినట్టేనా?

మహమ్మారి రోజుల్లో ఇంట్లో పెద్దల బాధ్యత గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో అడిగాం. కరోనా ఎప్పుడో అయిపోయిందిగా అనుకున్నాం కానీ, ఆ రోజుల లెక్కలు చాలా ఇళ్లలో ఇంకా తేలలేదని వచ్చిన ఉత్తరాలు చూస్తే తెలిసింది. వృద్ధుల వైద్యం, చట్టం, సంక్షేమం తెలిసినవాళ్లు కలిసి ఈ జవాబులు రాశారు. మందుల మోతాదు దగ్గర మాత్రం మీ డాక్టరు చెప్పిందే చేయండి.

ప్రశ్న: కరోనా రెండేళ్లూ మా అత్తగారిని మేడమీద గదిలోనే ఉంచాం. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాళ్లం. మావారి పట్టుదల అది. ఆవిడకు కరోనా రాలేదు. ఇప్పుడు 74 ఏళ్లు. మెట్లు దిగాలంటే భయపడుతున్నారు, మనవరాలితో కూడా ముక్తసరిగా మాట్లాడతారు. "మైల పట్టినదాన్నన్నట్టు చూశారు" అంటారు. మేం చేసింది తప్పా? మళ్లీ అలాంటిదొస్తే ఏం చేయాలి?
— ఒక కోడలు, తెనాలి

జవాబు: ఉద్దేశం సరైనదే. పద్ధతిలో తేడా వచ్చింది. కేరళలో దీన్ని రివర్స్ క్వారంటైన్ అన్నారు. జబ్బు వచ్చినవాళ్లను వేరు చేయడానికి బదులు, వస్తే తట్టుకోలేనివాళ్లను ముందే పక్కన ఉంచడం. అందులో ఆపాల్సింది వైరస్ రాకను. మాటను, వెలుతురును, నడకను ఆపమని ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో సౌకర్యం కోసం మూడూ కలిపి ఆపేశారు.

ముందు కాళ్ల సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన అధ్యయనంలో వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. మీ అత్తగారు రెండేళ్లు ఒక గదిలో ఉన్నారు. భయం అని మీరు అనుకుంటున్నదానిలో కొంత నిజంగానే బలం లేకపోవడం కావచ్చు. పరీక్షించి చూడండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోబెట్టండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే ఉండాలి. ఆ వయసు ఆడవాళ్లు పది కన్నా తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతులు ఊనకుండా అసలు లేవలేకపోతే సున్నా వేసుకోండి. మొదలుపెట్టే చోటు అదే.

రోజూ రెండు పూటలా అయిదేసి సార్లు కుర్చీలోంచి లేపండి, మొదట్లో చేతుల ఊతంతోనైనా సరే. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. వారం వారం ఒకటో రెండో పెంచండి. మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని, ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలు వాడుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతుంటే ఆవిడ భయానికి కారణం మనసులో ఉండకపోవచ్చు, మాత్రలో ఉండవచ్చు.

తిండి కూడా చూడాలి. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. చారన్నం, మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7 గ్రాములు ఉంటాయి. గట్టి పప్పు, పెరుగు, సెనగలు, చేపలు, ఏది అలవాటైతే అది మూడు పూటలకూ పంచండి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిన మేరకే.

ఇక మళ్లీ వస్తే. గది ఇవ్వాల్సింది ఆవిడకు కాదు. ఆఫీసుకు, బజారుకు వెళ్లి వచ్చేవాళ్లు మేడమీదికి మారాలి. ఆవిడ తన వంటిల్లు, పెరడు, వసారాలతో కింద ఉండాలి. వైరస్‌ను ఇంటికి తెచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఇబ్బంది పడటం న్యాయం, పైగా పని కూడా చేస్తుంది. రెండు గదుల ఇల్లయితే ఎదురెదురు కిటికీలు తీసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి నెట్టేలా నడపండి. ఒకే గదిలో కూర్చుని తినడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మాస్కు ఉండదు, కబుర్లు ఉంటాయి. అందుకని వసారాలోనో డాబా మీదో రెండు మీటర్ల ఎడంగా కూర్చుని తినండి. మాటలు మాత్రం ఆపకండి. చెవులు సరిగా వినపడని పెద్దలు పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటారు, మాస్కు వచ్చాక ఆ సగం పోయింది. గట్టిగా అరిస్తే ప్రయోజనం లేదు. బాగా వినపడే చెవి వైపు ఉండి, శ్రుతి కొంచెం దించి, నెమ్మదిగా మాట్లాడితే తెలుస్తుంది.

ఏం వదులుకోగలరో, ఏం వదులుకోలేరో ముందే ఆవిడను అడగండి. గుడి, మనవరాలు, పొద్దున నడక, ఈ మూడింట్లో కనీసం ఒకటి ఆవిడకు మిగలాలి. మీవారిని వెళ్లి క్షమించమని అడగమనండి. సంజాయిషీలు లేకుండా, ఒక్క మాట చాలు. ఆవిడ పెదవి విప్పడానికి కుర్చీ వ్యాయామం కన్నా అదే ముందు పనికొస్తుందని మా అనుమానం.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న. కరోనాలో రెండేండ్లు పోయినయి. కోచింగ్ బంద్, లైబ్రరీ బంద్, నోటిఫికేషన్లు లేవు. అంతా పెద్దవాళ్ల కోసమే అన్నరు. మా నానమ్మ మాత్రం మాస్కు లేకుండ పెళ్లిళ్లకు పోయింది. ఒక తరం కోసం ఇంకో తరం ఎందుకు నష్టపోవాలె? ఇట్ల అడిగితే స్వార్థం అంటున్నరు.
— 27 ఏళ్ల అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: స్వార్థం కాదు. అడగాల్సిన ప్రశ్నే. అయితే "పెద్దవాళ్ల కోసమే" అన్న మాట మన ప్రాంతానికి పూర్తిగా అతకదు, అది ముందు చూద్దాం.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో 84,965 మంది రోగులను, వాళ్లతో మెలిగిన 5,75,071 మందిని వెంటాడి పరీక్షించిన సమాచారంతో 2020లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పాజిటివ్ వచ్చినవారిలో 5 నుంచి 17 ఏళ్లవాళ్లలో చనిపోయింది 0.05 శాతం, 85 దాటినవాళ్లలో 16.6 శాతం. వయసును బట్టి ప్రమాదం అంత తేడాగా ఉంది, నిజమే. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. ధనిక దేశాల్లో చావులు బాగా ముసలివాళ్లలో ఎక్కువగా ఉంటే, మన దగ్గర 50 నుంచి 64 ఏళ్లవాళ్లలో పోగుపడ్డాయి. అంటే బస్సు నడిపే నాన్న, కిరాణా కొట్లో కూర్చునే అమ్మ. మీ ఫీజు కట్టే తరం అది. నానమ్మ కోసం అనుకుని మీరు పడ్డ ఇబ్బందిలో పెద్ద వాటా వాళ్లకు చెందింది.

"పెద్దవాళ్లను లోపల ఉంచి మిగతావాళ్లను వదిలేయొచ్చుగా" అన్న వాదన 2020లో అమెరికా, బ్రిటన్‌లలో గట్టిగానే వినిపించింది. అమెరికాలోని టెక్సాస్ లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్ అయితే, దేశ ఆర్థిక వ్యవస్థ కోసం తాతలు ఆ ప్రమాదాన్ని భరించడానికి సిద్ధమేనన్నట్టు టీవీలోనే మాట్లాడారు. ఇటలీలో పడకలు చాలక, ఐసీయూలో చేర్చుకోవడానికి వయసు హద్దు పెట్టాల్సి రావచ్చని అక్కడి మత్తువైద్యుల సంఘం 2020 మార్చిలోనే రాసింది. నీతి సంగతి పక్కన పెట్టినా, మూడు తరాలు ఒకే బాత్రూమ్ వాడే ఇంట్లో ఒక తరాన్ని వేరుగా దాచడం కుదరదు. బయట వైరస్ ఎంత తిరిగితే ఇంట్లోకి అంత వస్తుంది.

మీకు కోపం రావాల్సిన చోటు ఒకటుంది. ఆ పరిశోధనలోనే, దాదాపు 70 శాతం రోగులతో మెలిగి పరీక్ష చేయించుకున్నవాళ్లలో ఎవరికీ వైరస్ కనపడలేదు. కేవలం 8 శాతం రోగుల నుంచే 60 శాతం కొత్త కేసులు వచ్చాయి. అంటే జబ్బు అందరి నుంచీ సమానంగా పాకదు. మూసిన గదులు, జనం, గట్టిగా మాటలు, గంటల తరబడి కూర్చోవడం ఉన్నచోట ఒక్కసారిగా అంటుకుంటుంది. ఏసీ ఫంక్షన్ హాల్‌లో రిసెప్షన్‌ను, కిటికీలన్నీ తీసి సీటు వదిలి సీటు కూర్చోబెట్టిన లైబ్రరీని ఒకే గాటన కట్టి మూసేయడం తెలివైన పని కాదు. బడుల సంగతీ అంతే. 2020 మార్చిలో మూసిన బడులు ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న, అదీ పై తరగతులకు మాత్రమే తెరుచుకున్నాయి. బార్లు అంతకన్నా ముందే తెరిచారు. మళ్లీ వస్తే యువత అడగాల్సింది ఈ క్రమం గురించి. ఏది చివర మూయాలి, ఏది ముందు తెరవాలి అని.

నానమ్మ విషయంలో మీరు చెప్పింది న్యాయం. పెద్దరికానికి బాధ్యత కూడా ఉంటుంది. సంవత్సరీకానికి మనవడు రైలెక్కి రావాల్సిందేనని పట్టుబట్టకపోవడం, షష్టిపూర్తిని ఆరు నెలలు వాయిదా వేసుకోవడం, టీకా తన వంతు రాగానే వేయించుకోవడం పెద్దల వంతు పని. అయితే ఆమెతో ఇలా మాట్లాడటంలో ఒక కిటుకు ఉంది. "నీకు ఏమన్నా అయితే" అంటే వినరు. "నాకేమయితదిరా, అన్నీ చూసిన" అంటారు. "నువ్వు తెస్తే నాన్నకు వస్తది, ఆయనకు షుగర్ ఉంది" అంటే ఆగుతారు. పెళ్లికి వెళ్లక తప్పదంటే తలంబ్రాల దాకా ఆరుబయట పందిట్లో కూర్చుని, భోజనాల హాల్లోకి వెళ్లకుండా వచ్చేయమనండి.

ప్రశ్న: మా అమ్మానాన్నలు (72, 78) రాజమండ్రిలో ఇద్దరే ఉంటారు. నేను న్యూజెర్సీలో. 2020లో విమానాలు ఆగిపోయి రాలేకపోయాను. రెండో వేవ్‌లో నాన్నకు ఆక్సిజన్ మెషీన్ కోసం రాత్రంతా ఫోన్లు చేశాను. మళ్లీ అలా కాకుండా ముందే ఏం ఏర్పాటు చేసి ఉంచాలి?

జవాబు: మామూలు అంతర్జాతీయ సర్వీసులు 2020 మార్చి 23న ఆగి, 2022 మార్చి 27న గానీ పూర్తిగా మొదలవలేదు. మధ్యలో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు నడిచినా సీటు దొరకడం అదృష్టం. కాబట్టి మీరు రాలేరన్న లెక్కతోనే ఏర్పాటు చేయండి.

ముగ్గురు మనుషులు కావాలి. నడిచి వచ్చేంత దూరంలో ఒకరు, వాళ్ల దగ్గర ఇంటి తాళం ఉండాలి. బండి ఉన్నవాళ్లు ఒకరు. ఆసుపత్రిలో సంతకం పెట్టగల దగ్గరి బంధువు ఒకరు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, ఒక ఇంట్లో జబ్బు వస్తే మూడు దారులూ మూసుకుపోతాయి. వాళ్లను ఇప్పుడే అడిగి ఒప్పించండి. పక్కింటివాళ్లు ఎలాగూ చూస్తారులే అనుకున్న చాలామందికి 2021 ఏప్రిల్‌లో పక్కింటి తలుపు తెరుచుకోలేదు. వాళ్ల ఇంట్లోనూ జ్వరాలే.

ఒక కాగితం రాయించండి. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, జబ్బులు, ప్రతి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, పడని మందులు, మామూలుగా ఉండే బీపీ, మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం, డాక్టరు నంబరు. బీరువా తలుపు లోపలి వైపు అతికించండి, ఆధార్, బీమా కార్డుల నకళ్లు కూడా అక్కడే. మామూలు ఆక్సిజన్ శాతం ఎందుకంటే, ఎప్పుడూ 95 ఉండే మనిషికి 93, ఎప్పుడూ 99 ఉండే మనిషికి 93 ఒకటి కాదు.

మందులు 30 రోజులకు సరిపడా ఎప్పుడూ అదనంగా ఉండాలి. కొత్త పెట్టె వెనక పెట్టి పాతది ముందు వాడాలి, లేకపోతే గడువు దాటిన మాత్రలు పోగవుతాయి. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టొద్దు, ఫ్రీజర్‌కు దగ్గరగానూ వద్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా చాలా రకాలకు 30 డిగ్రీల లోపు నాలుగు వారాలే. రాజమండ్రి మే నెలలో గది వేడి అంతకు ఎప్పుడో దాటుతుంది, ఆ నెలల్లో అదీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

ఆక్సీమీటర్ కొనిచ్చినంత మాత్రాన చాలదు, చూడటం నేర్పాలి. అయిదు నిమిషాలు కూర్చుని విశ్రాంతి. గోరింటాకు, గోళ్ల రంగు లేని వేలు, చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టాలి. చూపుడువేలో మధ్యవేలో పెట్టి, చేయి ఛాతీ ఎత్తులో కదలకుండా ఉంచి, అంకె స్థిరపడేదాకా కనీసం ఒక నిమిషం ఆగాలి. పెట్టగానే కనపడే అంకె రాసుకుని బెంబేలెత్తేవాళ్లే ఎక్కువ. జబ్బు రోజుల్లో 94, ఆ పైన ఉంటే రోజుకు కొన్నిసార్లు చూస్తూ ఉండొచ్చు. 93కి దిగితే డాక్టరుకు చెప్పాలి. 90 కన్నా తగ్గితే చర్చలు వద్దు, 108. కూర్చున్నప్పుడు బాగానే ఉన్నా నడిస్తే పడిపోవచ్చు. అందుకే ఆరు నిమిషాల నడక పరీక్ష. ఆ వయసుకు మూడు నిమిషాలు చాలు, పక్కన మనిషి ఉండాలి. నడిచాక మూడు నాలుగు అంకెలు తగ్గితే అది హెచ్చరిక. ముందే 94 కన్నా తక్కువ ఉన్నవాళ్లను నడిపించకూడదు.

వీడియో కాల్‌లో "బాగున్నారా" అని అడక్కండి. "బాగానే ఉన్నాం నాన్నా" తప్ప ఇంకో జవాబు రాదు. పొద్దున ఏం టిఫిన్ తిన్నారో, ఎన్ని ఇడ్లీలో అడగండి. మాత్రల షీటు చూపించమనండి. ఈ రోజు ఏ వారమో అడగండి. డెబ్బై దాటినవాళ్లలో పెద్ద జబ్బు కూడా జ్వరం లేకుండా వస్తుంది. ఉన్నట్టుండి తికమక, తిండి మానేయడం, ఊరికే పడిపోవడం, పక్కలో మూత్రం, పగలంతా నిద్ర, వీటిలో ఏది కొత్తగా కనపడినా 102 జ్వరమంత గట్టిగా పట్టించుకోవాలి. ఇంతకీ, ఇంట్లో కెమెరాలు పెట్టాలన్న ఆలోచన ఉంటే ముందు వాళ్లను అడగండి. పడగ్గదిలో మాత్రం ఎవరు ఒప్పుకున్నా పెట్టొద్దని మా సలహా.

ఆక్సిజన్ మెషీన్ ముందే కొని ఉంచాలా? అవసరం లేదని మా అభిప్రాయం. 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ నిమిషానికి అయిదు లీటర్ల వరకే ఇస్తుంది. శాతం బాగా పడిపోయిన మనిషికి అది చాలదు. ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాన్ని నమ్ముకోవడం వల్లే 2021లో ఆలస్యాలు జరిగాయి. కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ మీద ఎంతసేపు నడుస్తుందో కూడా చూసుకోవాలి. బీ టైపు సిలిండర్లో ఉండేది సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున వాడితే అయిదు గంటలు. ఆసుపత్రిలో పడక దొరికేదాకా వారధిగా తప్ప అంతకుమించి వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకోటి. అమెరికా నుంచి వాట్సాప్‌లో మందుల చీటీలు పంపకండి. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు, ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు. అవసరం లేనివాళ్లకు మేలు కనపడలేదు, కీడు జరిగే అవకాశం ఉంది. జ్వరం మొదటి రోజే స్టెరాయిడ్ మింగి షుగర్ 400 దాటించుకున్నవాళ్లు 2021 మేలో బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు వరుస కట్టారు.

డబ్బు, పింఛను పనులకు బయటికి వెళ్లనక్కర్లేకుండా ఇప్పుడే చేసి పెట్టండి. 70 దాటిన ఖాతాదారులకు ఇంటికే వచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది, బ్రాంచిలో ముందుగా నమోదు చేయించాలి. లైఫ్ సర్టిఫికెట్‌కు 2020 నవంబరు నుంచి పోస్ట్‌మన్ ఇంటికి వచ్చి వేలిముద్ర తీసుకునే సదుపాయం ఉంది, అప్పట్లో రుసుము 70 రూపాయలు. వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లకు ఫోన్లో ముఖం చూపించే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. టీకా నమోదు పేరుతో ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేసిన మోసాలు అప్పుడే మొదలయ్యాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930ని ఫోన్ పక్కన రాసి ఉంచండి. డబ్బు పోయిన గంటలోపు చేస్తే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: 2020లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ 65 దాటినవాళ్లు కిందికి దిగకూడదని నోటీసు అంటించింది. మంచంలో ఉన్న నా భార్యను చూసుకునే ఆయాను గేటు దగ్గరే ఆపేశారు. వాళ్లకు ఆ అధికారం ఉందా?
— విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ఆయాను ఆపడానికి లేదు. ఇళ్లలో ఉండే వృద్ధులకు సేవ చేసే సహాయకులు లాక్‌డౌన్ మినహాయింపు కిందికి వస్తారని కేంద్ర హోంశాఖ 2020 ఏప్రిల్ 21న స్పష్టం చేసింది. 65 దాటినవాళ్లు అత్యవసరాలకు, వైద్యానికి తప్ప ఇంట్లోనే ఉండాలన్నది హోంశాఖ మాటే. కానీ మే 30 నాటి అన్‌లాక్ ఉత్తర్వుల్లో అది సలహాగా మారింది. సలహాను అసోసియేషన్ తాళంగా మార్చలేదు. మళ్లీ అలా చేస్తే నోటీసును ఫోటో తీసుకుని, రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. వినకపోతే కలెక్టరుకు ఫిర్యాదు.

కానీ మంచి దారి ఇంకోటి ఉంది. పొద్దున 5.30 నుంచి 7 వరకు నడక దారి పెద్దలకే వదలడం, లిఫ్టులో ఒకసారికి ఒక్క కుటుంబమే, ఆయాకు మాస్కులు అసోసియేషన్ ఖర్చుతోనే ఇచ్చి ఆమెకు జ్వరం వస్తే జీతం కోయకుండా సెలవు. ఆఖరిది ముఖ్యం. జీతం పోతుందన్న భయంతో జ్వరం దాచి పనికి వచ్చేది ఆమే. ఇలాంటి నిబంధనలు రాసే కమిటీలో 65 దాటినవాళ్లు ఇద్దరైనా ఉండాలని ఇప్పుడే తీర్మానం చేయించండి.

ప్రశ్న: మా అమ్మకు 70. కషాయం ఉండగా టీకాలెందుకు అంటుంది. ఎలా ఒప్పించాలి?
— నెల్లూరు

జవాబు: కషాయాన్ని ఓడించాలని చూడకండి. అదీ తాగమనండి, టీకా కూడా వేయించుకోమనండి. అల్లం, మిరియాలు, పసుపు వంటింటి మోతాదులో ఉంటే గొడవ లేదు. అతిమధురం రోజూ ఎక్కువగా వాడితే మాత్రం బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు దాన్ని మానేయాలి. షుగర్ ఉంటే బెల్లం, తేనె లెక్కలోకి వస్తాయి. టీకాల్లో ఇప్పుడు ఆమెకు ముఖ్యమైనవి ఏటా ఒకసారి ఫ్లూ, డాక్టరు చెప్పిన పద్ధతిలో న్యుమోనియా టీకా. కరోనా డోసు సంగతి ఆమె జబ్బులను బట్టి డాక్టరు చెబుతారు. ఏమవుతుందని భయమో ముందు అడగండి. సూది నొప్పా, ఎవరో పోయారన్న కబురా, ఖర్చా? ఫ్లూ టీకా మీరూ అదే రోజు ఆమె ముందే వేయించుకుంటే సగం పని అయిపోతుంది.

ప్రశ్న: 2020లో కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చిన మా పెద్దనాన్నను కొడుకులు ఇంట్లోకి రానివ్వలేదు. అంతకుముందే ఇల్లు వాళ్ల పేర రాసిచ్చేశాడు. అప్పటి నుంచి వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఇంత ఆలస్యంగా ఏమైనా చేయొచ్చా?
— అనంతపురం జిల్లా

జవాబు: చేయొచ్చు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇవ్వండి. ఆయన రాలేకపోతే ఆయన అధికారం ఇచ్చిన మనిషి, అంటే మీరు కూడా ఇవ్వొచ్చు. వకీలు అక్కర్లేదు, అసలు చట్టం 17వ సెక్షన్ వకీళ్లను పక్కన పెట్టింది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పదనుకుంటే ఇంకో 30 రోజులు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించొచ్చు, విచారణ నడుస్తుండగానే తాత్కాలికంగా కూడా. కొడుకులతో పాటు కూతుళ్లు, మేజరైన మనవళ్లు, మనవరాళ్లు కూడా బాధ్యులే. ఈ మాట చెప్పగానే చాలామంది కూతుళ్లు ఉలిక్కిపడతారు.

ఇల్లు వెనక్కి రావడం దస్తావేజు మీద ఆధారపడుతుంది. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ బదిలీ చెల్లదని ప్రకటించమనవచ్చు. షరతు ఉన్నట్టు తేలాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మాత్రం ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలంటూ ఒక తల్లి ఇచ్చిన గిఫ్ట్ దస్తావేజును రద్దు చేసింది. ఆ కేసులో చూసుకుంటామని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి గిఫ్ట్ దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తీసుకుని ప్రతి వాక్యం చదవండి. పెద్దమనుషుల ఒప్పందం, స్టాంపు కాగితం, ఏదున్నా వెతకండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఆశ్రమంలో చేరిన తేదీ జతచేయండి. వదిలేయాలన్న ఉద్దేశంతో పెద్దలను విడిచిపెట్టడం 24వ సెక్షన్ కింద నేరం కూడా, మూడు నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే పెద్దాయనకు 60 రోజుల్లో అప్పీలుకు వీలుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఒంటరి ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలు సూరత్‌లో, హైదరాబాద్‌లో పనులకు పోయారు. డ్వాక్రా సంఘంగా మేం ఏం చేయగలం?
— సంఘం లీడర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇప్పుడే జాబితా రాయండి. ఇంటి గుర్తు, ఒంటరా జంటా, నడవగలరా, చూపు ఉందా, ఏ మాత్రలు, ఎవరి ఫోన్, పింఛను వస్తోందా లేదా. అయిదు ఇళ్లకు ఒక సభ్యురాలు. ఆమెకు జ్వరం వస్తే బదులు ఎవరో కూడా అందులోనే రాయండి.

2020లో బియ్యం లోటు రాలేదు. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా ఇచ్చింది, వృద్ధాప్య పింఛనుదారులకు రెండు విడతల్లో అదనంగా 1,000 రూపాయలు వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఇంటికే వచ్చింది. లోటు వచ్చింది చిన్న చిన్న పనుల్లో. గ్యాస్ బండ మార్చేవాళ్లు లేక, బోరు దగ్గర బిందె ఎత్తేవాళ్లు లేక, పళ్లు లేని నోటికి మెత్తగా వండిపెట్టేవాళ్లు లేక ఇబ్బంది పడ్డారు. కాబట్టి సరుకుల సంచీ ఇచ్చి ఫోటో దిగడం కన్నా, రోజుకు ఒక పూట వండిన తిండి, ఒక బిందె నీళ్లు, వారానికోసారి మందుల చీటీ పట్టుకెళ్లడం ఎక్కువ పని చేస్తాయి. నీళ్లు, అన్నం గుమ్మం దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి, అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. ఆ అయిదు నిమిషాల్లోనే మనిషి తికమకగా ఉన్నారా, నిన్నటి అన్నం అలాగే ఉందా అన్నది తెలుస్తుంది.

అర్హులైన వృద్ధులకు పింఛను క్రమం తప్పకుండా అందాలని, అడిగినవారికి మందులు, మాస్కులు, నిత్యావసరాలు సమకూర్చాలని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాళ్లకు ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 4న ఆదేశించింది. ఆసుపత్రి గేటు దగ్గర వాదించడానికి ఈ తేదీ పనికొస్తుంది. 14567 ఎల్డర్‌లైన్ పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. 2017లో హైదరాబాద్‌లో మొదలైన సేవే దేశమంతటికీ వచ్చింది. పింఛను ఆగినా, ఎవరైనా కొట్టినా, వదిలేసినా దానికి చేయొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం 108. ఆంబులెన్సులో వెంట ఎవరు వెళ్లాలో, ఆ రోజు కూలి ఎవరు ఇవ్వాలో కూడా సంఘం పుస్తకంలో ముందే రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి వాదన వచ్చేది అక్కడే.